11 ఏళ్ల పాపకి గాల్‌బ్లాడర్ మొత్తం తీసేయాలంటున్నారు, రాళ్లు మాత్రమే తీస్తే సరిపోదా?

మబ్బులో_వెన్నెల
నాలుగు నెలలుగా మా పాప కడుపునొప్పి అంటోంది. మొదట్లో బడి ఎగ్గొట్టడానికి నాటకం అనుకున్నాం. ఇప్పుడా మాట తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. ఒకరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు నులిపురుగులు అన్నారు. అన్నిటికీ మందులు వాడాం. పోయిన వారం రాత్రి నొప్పితో మెలికలు తిరిగిపోయి రెండుసార్లు వాంతి చేసుకుంది. అల్ట్రాసౌండ్ తీస్తే గాల్‌బ్లాడర్‌లో (కాలేయం కింద ఉండే పైత్యరసం సంచీ) మూడు రాళ్లు, పెద్దది 9 మిల్లీమీటర్లు. పిల్లల సర్జన్ చూసి, లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో, గాల్‌బ్లాడర్ మొత్తం తీసేద్దాం అన్నారు.

నాకు అర్థం కానిది ఒకటే. కిడ్నీలో రాళ్లుంటే రాళ్లే తీస్తారు గానీ కిడ్నీ పీకేయరు కదా. ఇక్కడ సంచీ మొత్తం ఎందుకు? ఎదిగే పిల్లకి కడుపు కోయిస్తారా అని మా అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. ఎవరి పిల్లలకైనా చేయించి ఉంటే చెప్పండి.

పైత్యం_ప్రకోపించెను
నా పేరు చూసి నేనే నిపుణుణ్ణి అనుకోకండి. పేరు పెట్టుకున్నప్పుడు గాల్‌బ్లాడర్ ఎడమవైపు ఉంటుందనుకునేవాణ్ణి.

నాన్నకూచి_నాన్న
కిడ్నీతో పోలిక కుదరదండి. మా అబ్బాయి విషయంలో నేనూ సరిగ్గా ఇదే అడిగాను. కిడ్నీ పనిచేసే అవయవం. గాల్‌బ్లాడర్ నిల్వ సంచీ, అంతే. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో. ఇది దాన్ని దాచి చిక్కబరిచి, కొవ్వున్న తిండి పేగులోకి దిగగానే పిండి పంపిస్తుంది. రాళ్లు తయారయ్యేదే ఆ సంచీలో. రాళ్లు ఏరేసి సంచీ వదిలేస్తే అది మళ్లీ తయారు చేస్తుంది. సంచీ తీసేస్తే రసం నేరుగా కాలేయం నుంచి పేగులోకి కారుతుంది. మావాడికి రెండేళ్లయింది, ఏ లోటూ లేదు.

పసరుమందు
పిల్లకి ఆపరేషన్ దాకా ఎందుకమ్మా. రాత్రి పడుకునే ముందు నూనె, నిమ్మరసం కలిపి తాగిస్తే పొద్దున పచ్చటి రాళ్లు పడిపోతాయి. మా బంధువులావిడకి ముప్పై పడ్డాయి, నేను చూశాను.

థియేటర్_నైట్‌డ్యూటీ
పసరుమందు గారూ, అవి రాళ్లు కావు. ఆ నూనె, నిమ్మరసం కడుపులో కలిసి సబ్బులా గడ్డకట్టినవి. ఎండలో పెడితే కరుగుతాయి, అసలు రాయి కరగదు. పైగా అంత నూనె ఒక్కసారి లోపలికెళ్తే గాల్‌బ్లాడర్ గట్టిగా పిండుకుంటుంది. రాయున్న పిల్లకి అలా చేయిస్తే ఆ రాత్రే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. వెన్నెల గారూ, దయచేసి ఇది వద్దు.

పసరుమందు
నేను చూసిందే చెప్పాను. మీ ఇష్టం.

మూడోబెంచి
నేను వేరే మాట చెప్తాను, తొందరపడకండి. మా వాడికి 6 ఏళ్లప్పుడు బాగా జ్వరం వచ్చి ఆసుపత్రిలో పది రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత స్కాన్‌లో గాల్‌బ్లాడర్ నిండా రాళ్లు! అందరం హడలిపోయాం. పిల్లల డాక్టరు మాత్రం చెక్కుచెదరలేదు. ఈ మందు పైత్యరసంలో కాల్షియంతో కలిసి పేరుకుంటుంది, మందు ఆపితే అదే పోతుంది అన్నారు. రెండు నెలలకి మళ్లీ స్కాన్ తీస్తే ఒక్క రాయీ లేదు. అప్పుడే కోయించి ఉంటే?

నాన్నకూచి_నాన్న
మీ వాడి అదృష్టం బాగుంది. మా వాడి కథ దీనికి తలకిందులు. 14 ఏళ్లు. నొప్పి అప్పుడప్పుడే కదా, పరీక్షలయ్యాక చూద్దాం అనుకున్నాం. చిన్న రాయి, 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, జారి కిందికొచ్చి క్లోమం గొట్టం కలిసేచోట ఇరుక్కుంది. పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాచిపోయింది! తొమ్మిది రోజులు ఆసుపత్రి. అప్పుడు తెలిసింది, పెద్ద రాయి కంటే చిన్నదే జారుతుంది, అదే ప్రమాదమని. నోట్లోంచి గొట్టం వేసి ఈఆర్‌సీపీ చేసి దారి క్లియర్ చేశారు. వాపు తగ్గాక, ఇంటికి పంపకుండా అప్పుడే గాల్‌బ్లాడర్ తీసేశారు.

మూడోబెంచి
అంటే నేను చెప్పింది తప్పంటారా?

థియేటర్_నైట్‌డ్యూటీ
ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరిదీ వేర్వేరు జబ్బు. నెలల పిల్లల్లో వచ్చే రాళ్లు, సెఫ్ట్రియాక్సోన్ వల్ల వచ్చేవి చాలామటుకు వాటంతటవే పోతాయి, ఆగి చూస్తారు. నొప్పి లేకుండా వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడిన రాళ్లని కూడా చాలాసార్లు గమనిస్తూ ఉంటారంతే. 11 ఏళ్ల పిల్లకి నొప్పి, వాంతులు మొదలయ్యాక మాత్రం అవి కరుగుతాయని కూర్చోకూడదు.

వెన్నెల గారూ, అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ వయసులో రాళ్లు ఎందుకొచ్చాయి? బరువెక్కువా? ఈమధ్య ఏవైనా ఇంజెక్షన్లు పడ్డాయా? కళ్లు పచ్చబడటం ఎప్పుడైనా చూశారా?

మాత్రలచీటీ
ఉర్సో మాత్రలు ఉన్నాయి కదా, రాళ్లు కరిగిస్తాయని విన్నాను. అవి వాడి చూడొచ్చుగా?

ఒకప్పటి_పేషెంటు
నాకు పది నెలలు వాడారు, ఏమీ కరగలేదు. అవి చిన్న కొలెస్ట్రాల్ రాళ్ల మీద మాత్రమే పనిచేస్తాయట. కరిగినా మందు ఆపాక మళ్లీ రావచ్చు. నాకు 13 ఏళ్లప్పుడు లాప్రోస్కోపీ చేశారు, ఇప్పుడు 20. బొడ్డు దగ్గర మచ్చ నాకే కనబడదు. మిగతా మూడు దోమ కుట్టినట్టు ఉంటాయి. మొదటి రెండు నెలలు నూనె పదార్థం ఎక్కువైతే విరేచనం పలచగా అయ్యేది. తర్వాత అదీ పోయింది. పాపతో నేరుగా మాట్లాడండి ఆంటీ. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, నా కడుపంతా ఖాళీ చేసేస్తున్నారనుకుని మూడు రాత్రులు ఏడ్చాను.

మబ్బులో_వెన్నెల
చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి తల్లీ. ఈ రాత్రే దాంతో మాట్లాడతాను.

నైట్‌డ్యూటీ గారూ, బరువేం లేదు, నిజానికి సన్నం. ఇంజెక్షన్లు పడలేదు. పుట్టినప్పుడు కామెర్లని వారం పైనే లైటు కింద పెట్టారు. ఇప్పుడు జ్వరం వస్తే కళ్లు కొంచెం పచ్చగా కనిపిస్తాయి, మళ్లీ సర్దుకుంటాయి. హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా 10 దగ్గరే. ఐరన్ సిరప్ ఎంత పోసినా కదలదు. మావారికీ 22 ఏళ్లకే గాల్‌బ్లాడర్ తీశారు. మా మామగారికి ప్లీహం పెద్దగా ఉండేదని ఇంట్లో అనుకునేవాళ్లు.

థియేటర్_నైట్‌డ్యూటీ
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిందండీ! ఈ ముక్కలన్నీ మీ సర్జన్‌కి చెప్పారా? నేను డాక్టర్ని కాను, జబ్బు పేరు పెట్టను. కానీ పుట్టుక కామెర్లు, కదలని రక్తహీనత, తండ్రికి చిన్న వయసులో రాళ్లు, తాతకి ప్లీహం వాపు, ఇవన్నీ ఒకే దారం మీద ఉన్నాయి. రక్తం డాక్టరుని కలవండి, ఆపరేషన్ కంటే ముందే.

గోరువంక
నైట్‌డ్యూటీ గారికి వంద మార్కులు. మా బాబుకి సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. ఎర్ర రక్తకణాలు త్వరత్వరగా విరిగిపోతుంటే వాటిలోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఎక్కువ వస్తుంది, అది పైత్యరసంలో పేరుకుని నల్ల రాళ్లవుతాయి. కొలెస్ట్రాల్‌కీ దీనికీ సంబంధం లేదు. అందుకే సన్నటి పిల్లలకీ వస్తాయి.

మా వాడికి నొప్పి రాకముందే తీయించమన్నారు. వాడికి కడుపునొప్పి వస్తే అది రాయి నొప్పో సికిల్ నొప్పో తెలియక ప్రతిసారీ నరకం. ఆపరేషన్‌కి ముందు రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ 10కి తెచ్చారు. ముందురోజు నుంచే సెలైన్ పెట్టారు. థియేటర్‌లో ఒళ్లు చల్లబడకుండా వెచ్చగా ఉంచారు. తర్వాత ఊపిరితిత్తుల ఇబ్బంది రాకుండా ఊదే బొమ్మ ఒకటిచ్చి గంటగంటకీ ఊదించారు. ముందే రక్తం జబ్బు తెలియబట్టి ఇన్ని జాగ్రత్తలు. తెలియకుండా బల్ల ఎక్కిస్తే?

పైత్యం_ప్రకోపించెను
నేను జోకు వేద్దామని వచ్చాను. చదివాక మా పిల్లల పాత రిపోర్టులు వెతుక్కుంటున్నాను.

మబ్బులో_వెన్నెల
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. బిలిరుబిన్ 3.1, అందులో డైరెక్ట్ 0.4 మాత్రమే, అంటే ఎక్కువైంది కణాలు విరగడం వల్లేనట. రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) ఎక్కువ. స్మియర్‌లో (గాజుపలక మీద రక్తపు చుక్క పరీక్ష) కణాలు మధ్యలో పల్లం లేకుండా గుండ్రటి బంతుల్లా ఉన్నాయట. హెరెడిటరీ స్ఫీరోసైటోసిస్, అంటే వంశంలో వచ్చే గుండ్రటి కణాల జబ్బు అన్నారు. మావారికీ పరీక్ష చేస్తే అదే! ఇన్నేళ్లూ ఆయనకి "ఒంటి రంగే అంత" అనుకున్నాం. పాపది మధ్యరకం, తీవ్రం కాదు అన్నారు. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారు. అవసరం లేని ఐరన్ ఆపేయమన్నారు. గాల్‌బ్లాడర్ మాత్రం తీయాల్సిందేనని ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట.

మూడోబెంచి
నేను వెనక్కి తగ్గుతున్నాను. తీయించండి. కానీ ఒక సందేహం, అసలు దొంగ ప్లీహం కదా? కణాలని విరగ్గొట్టేది అదే. దాన్ని వదిలేసి సంచీ తీస్తే ఏం లాభం?

గోరువంక
మా వార్డులో ఒక పాపకి రెండూ ఒకేసారి తీశారు, లాప్రోస్కోపీలోనే. కానీ ఆ పాపకి జబ్బు తీవ్రం, నెలనెలా రక్తం ఎక్కించేవాళ్లు.

థియేటర్_నైట్‌డ్యూటీ
అదే తేడా. ప్లీహం తీస్తే కొన్ని సూక్ష్మక్రిముల నుంచి కాపాడే కావలి పోతుంది. తీసే ముందు న్యుమోకాకస్, మెనింగోకాకస్ టీకాలు, తర్వాత జ్వరం వస్తే ఆ గంటలోనే ఆసుపత్రి. అందుకే జబ్బు తీవ్రం కానివాళ్లకి చాలాసార్లు దాని జోలికి పోరు. కణాలు విరుగుతూనే ఉంటాయి నిజమే, కానీ రాళ్లు కూడబెట్టే సంచీ ఉండదు. గొట్టంలో రాయి ఏర్పడటం అరుదు.

చరిత్రపిచ్చి
నా వంతు పిచ్చి వాగుడు. గాల్‌బ్లాడర్ మొదటిసారి తీసింది 1882 జూలైలో, బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్. అప్పటిదాకా సంచీ చీల్చి రాళ్లు తీసి వదిలేసేవాళ్లు. వెన్నెల గారు అడిగింది అచ్చంగా అదే. రాళ్లున్నాయని కాదు, రాళ్లు పుట్టిస్తుందని సంచీ తీయాలన్నది ఆయన వాదన. లాప్రోస్కోపీలో మొదట తీసింది 1985 సెప్టెంబరులో, అదీ జర్మనీలోనే, ఎరిక్ మ్యూహె. తోటి సర్జన్లు మెచ్చుకోలేదు సరికదా ఎగతాళి చేశారు. తర్వాత కొన్నేళ్లకే ప్రపంచమంతా అదే పద్ధతి పట్టుకుంది.

మబ్బులో_వెన్నెల
చరిత్రపిచ్చి గారూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయనకి చీము పట్టిందని పక్కటెముకల కింద జానెడు కోత కోశారు. మా అత్తగారు పదిహేను రోజులు ఆసుపత్రిలో నేల మీద పడుకున్నారు. ఆవిడ కళ్లలో ఆపరేషన్ అంటే ఆ జానెడు కోతే. నేనేమో ఆవిడది మొండితనం అనుకున్నాను.

నాన్నకూచి_నాన్న
మావాడి పొట్ట ఫొటో పంపనా ఆవిడకి చూపించడానికి? వాడు ఒప్పుకుంటేనే లెండి, 16 ఏళ్లొచ్చాయి, పొట్ట మీద కండలు వస్తేగానీ ఫొటో వద్దంటున్నాడు.

మబ్బులో_వెన్నెల
లోపల అసలు ఏం చేస్తారు? సర్జన్ చెప్పారు గానీ నా బుర్రకి సగమే ఎక్కింది.

థియేటర్_నైట్‌డ్యూటీ
సాధారణంగా నాలుగు రంధ్రాలు. బొడ్డు దగ్గరది కాస్త పెద్దది, మిగతావి 5 మిల్లీమీటర్లో అంతకంటే తక్కువో. బొడ్డులోంచి కార్బన్ డయాక్సైడ్ పంపి పొట్టని గుడారంలా లేపుతారు, లోపల కదలడానికి చోటు కోసం. పిల్లలకి ఆ ఒత్తిడి పెద్దల కంటే తక్కువ పెడతారు. కెమెరాలో స్క్రీన్ మీద అంతా పెద్దగా కనబడుతుంది.

తీయడం కష్టం కాదు, గుర్తుపట్టడమే కష్టం. సంచీ మెడ దగ్గర కొవ్వు, పొరలు మెల్లగా శుభ్రం చేస్తారు. సంచీ అడుగుభాగాన్ని కాలేయం నుంచి కొంత విడదీస్తారు. అప్పుడు సంచీలోకి వెళ్లేవి రెండే రెండు కనబడాలి, ఒక గొట్టం, ఒక రక్తనాళం. రెండూ తేటగా కనబడేదాకా మా పెద్ద డాక్టరు క్లిప్పు చేతికే ఇవ్వనివ్వరు. ఎందుకంటే పక్కనే కాలేయం నుంచి వచ్చే అసలు గొట్టం ఉంటుంది. దాన్ని ఇదనుకుని కోస్తే అదే ఈ ఆపరేషన్‌లో అందరూ భయపడే తప్పు. అరుదు, కానీ జరిగితే పెద్దది. కొన్నిచోట్ల నరంలోకి ఒక ఆకుపచ్చ రంగు మందు ఎక్కిస్తారు, ప్రత్యేకమైన కెమెరా కింద పైత్యరసం గొట్టాలు మెరుస్తాయి. గొట్టంలో రాయుందని అనుమానముంటే ముందే ఎంఆర్‌సీపీ (గొట్టాలు చూపించే ఎంఆర్ఐ స్కాన్) తీస్తారు, లేదా అక్కడే రంగు పంపి ఎక్స్‌రే చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే క్లిప్పులు వేసి కత్తిరించి, సంచీని ఒక చిన్న ప్లాస్టిక్ సంచీలో పెట్టి బొడ్డులోంచి బయటికి.

లోపల సరిగ్గా కనబడకపోతే పెద్ద కోతకి మారవచ్చు అని సంతకం తీసుకుంటారు. భయపడకండి. మారిన సర్జన్ ఓడిపోయినట్టు కాదు, బుద్ధిగా ఉన్నట్టు.

అలసిన_అమ్మ
అందరూ మంచిగానే చెప్తున్నారు, నాదీ వినండి. మా పాపకి రాళ్లు లేవు. నొప్పి మాత్రం ఉండేది. హైడా స్కాన్‌లో (సంచీ ఎంత పిండుకుంటుందో చూసే స్కాన్) సంచీ సరిగ్గా పిండుకోవట్లేదు, 22 శాతమే అన్నారు. తీయించాం. సగం నొప్పి పోయింది, సగం అలాగే ఉంది. ఇప్పుడు వేరే కారణం వెతుకుతున్నారు. తీసేస్తే అన్నీ పోతాయని ఎవరూ మాట ఇవ్వకండి.

నాన్నకూచి_నాన్న
నిజమే. రాళ్లుండి నొప్పి వచ్చేవాళ్లకీ, రాళ్లు లేని వాళ్లకీ ఫలితం ఒకటి కాదని మా సర్జన్ కూడా అన్నారు. మీ పాపకి త్వరగా కారణం దొరకాలి.

నిద్రపుచ్చేవాడు
మత్తు డాక్టర్ని. ఇంతసేపూ చదువుతూనే ఉన్నాను, ఎవరూ నా శాఖని తలుచుకోలేదని అలిగాను. రెండు విషయాలు. ఆకలితో ఉంచాలని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు కూడా మాన్పించే అమ్మలు ఉంటారు. అలా చేయకండి. ఘనాహారం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు ఆపాలి. మామూలు నీళ్లు చాలాచోట్ల రెండు గంటల ముందు దాకా ఇస్తారు. మీ ఆసుపత్రి చెప్పిన టైమే పాటించండి. రెండోది, లేచాక పాప కడుపు గురించి కాక కుడి భుజం నొప్పి అని ఏడిస్తే కంగారుపడొద్దు. మిగిలిన గ్యాస్ డయాఫ్రమ్‌ని గీరితే, ఆ నరం భుజంలో నొప్పిగా చెప్తుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కొద్దికొద్దిగా నడిపించండి.

పైత్యం_ప్రకోపించెను
పాపకి నా తరఫున ఒక మాట చెప్పండి. గుర్రానికి గాల్‌బ్లాడర్ ఉండదు. అయినా ఎలా పరిగెడుతుందో చూడమనండి.

మబ్బులో_వెన్నెల
మొన్న అయిపోయింది! గంటంపావు పట్టింది. ఆ గంటంపావులో నేను ఆసుపత్రి మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. గొట్టంలో రాళ్లు లేవు. సాయంత్రానికి నీళ్లు తాగింది, రాత్రి కాస్త తిన్నది, మర్నాడు మధ్యాహ్నం ఇంటికి. నిద్రపుచ్చేవాడు గారూ, లేవగానే మొదటి మాట "అమ్మా భుజం" అనే! పక్కనున్న నర్సు కంటే ముందు నేనే కారణం చెప్పేశాను, ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

రాళ్లు నల్లగా, మిరియాల్లా ఉన్నాయి. గాల్‌బ్లాడర్‌ని పరీక్షకి పంపారు. రాళ్లు సీసాలో పెట్టి ఇచ్చారు, పాప వాటిని తన పెన్సిల్ డబ్బా పక్కన పెట్టుకుంది.

గోరువంక
హమ్మయ్య. జ్వరం, కళ్లు ఇంకా పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, మలం సున్నంలా తెల్లబడటం, నొప్పి తగ్గకుండా పెరగడం, వీటిలో ఏది కనబడినా రేపు చూద్దాం అనుకోకండి. మీ పాపకి మామూలుగానే కొంచెం పచ్చదనం ఉంటుంది కాబట్టి ఇప్పుడున్న రంగు బాగా గుర్తుపెట్టుకోండి.

మాత్రలచీటీ
బడికి ఎప్పుడు పంపొచ్చన్నారు? తిండి పథ్యం ఏమైనా ఉందా?

మబ్బులో_వెన్నెల
వారం, పది రోజుల్లో బడి. ఆటలు, బరువులు మూడు వారాల తర్వాత. పథ్యం ఏమీ రాయలేదు, మొదట్లో నూనె తగ్గించి మెల్లగా అన్నీ పెట్టమన్నారు. నొప్పికి పారాసెటమాల్ రెండు రోజులు సరిపోయింది.

ఒకప్పటి_పేషెంటు
అమ్మమ్మో నానమ్మో ఏమన్నారు ఆంటీ?

మబ్బులో_వెన్నెల
నానమ్మ. కట్టు విప్పిన రోజు కళ్లజోడు పెట్టుకుని వచ్చి కోత ఏది అని వెతికారు. ఇదే అని చూపిస్తే నమ్మలేదు, వీపు కూడా తిప్పి చూశారు. తర్వాత కొడుకు చొక్కా ఎత్తి ఆ పాత మచ్చ మీద చెయ్యేసి కాసేపు అలాగే కూర్చున్నారు. ఏమీ అనలేదు. నాతో మాత్రం మాట్లాడుతున్నారు.

థియేటర్_నైట్‌డ్యూటీ
పనిలో పని, మీవారిని కూడా రక్తం డాక్టరు దగ్గర ఫాలోఅప్‌కి పంపండి. మగవాళ్లు ఇలాంటివి వాయిదా వేస్తారు. చెల్లో తమ్ముడో ఉంటే వాళ్లకీ ఒక పరీక్ష.

మబ్బులో_వెన్నెల
తమ్ముడున్నాడు, 5 ఏళ్లు. సోమవారం ముగ్గురం వెళ్తున్నాం. పైత్యం గారూ, మీ గుర్రం మాట బాగా పనిచేసింది. స్నేహితులందరికీ "నేనిప్పుడు గుర్రాల జట్టు" అని ఫోన్లో చెప్పుకుంటోంది.

చరిత్రపిచ్చి
పెద్ద ఎలుకకి (ర్యాట్) కూడా గాల్‌బ్లాడర్ ఉండదు, తెలుసా?

పైత్యం_ప్రకోపించెను
అది పాపకి ఎవరూ చెప్పకండి.